కాసు కాసు కూర్చిన సౌధము

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలన్న మాట వినని యాడుది మనలో లేదు. ఒక్క కుటుంబము తలదాచుకొనుటకు నాలుగు గోడలు లేచునప్పటికే మెడలోని నగలు కుదువకు పోవును, అప్పులు పెరుగును, ఇంటి యజమానికి జుట్టు నెరయును. అట్లుండగా, కూలినాలి చేసికొని బ్రతుకు వేలమంది, ఒకరి మొగ మొకరెఱుగనివారు, నెలనెలా కొన్ని కాసుల చొప్పున కూడబెట్టి, నగరము నడుమ మేడ కట్టి, దానికి తమ సంఘము పేరు పెట్టుకొనిరన్నచో అది వినదగిన కథ. ఆ కూడబెట్టినవారు అంతకు ఒక తరము ముందు వఱకు సంతలో పశువులవలె అమ్ముడుపోయినవారి బిడ్డలైనచో మఱింత వినదగినది. ఆ సంఘమును నడపినది బాల్యమున పరుల బట్టల మూటలు మోసిన యొక యాడుబిడ్డ యైనచో, మన సోదరీమణులకు దానిని చెప్పక యుండుట మాకు న్యాయముగా తోచలేదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున రిచ్మండు అను నగరము కలదు. దక్షిణపు రాష్ట్రములు బానిసత్వమును నిలుపుకొనుటకై 1861లో ఉత్తరపు రాష్ట్రములతో యుద్ధమునకు దిగినప్పుడు ఈ నగరమే వారికి రాజధాని. 1865లో యుద్ధము ముగిసెను, ఆ యేడే బానిసత్వము చట్టముచే రద్దయ్యెను. సంకెల తెగినది గాని చేతిలో చిల్లిగవ్వ లేదు. దున్నుటకు భూమి లేదు, చదువుటకు బడి లేదు, జబ్బుచేసిన చేర్చుకొను ఆసుపత్రి అరుదు. రాను రాను దక్షిణ రాష్ట్రములలో నల్లవారిని వేఱుచేయు చట్టములు పుట్టెను. బండిలో వేఱు చోటు, బడిలో వేఱు గది, చచ్చిన పిదప శ్మశానమున సైతము వేఱు మూల. ఇంటి పెద్ద పోయినచో పెట్టె కొనుటకును, గుంట త్రవ్వించుటకును డబ్బులేక వీధిలో చేయి చాపవలసి వచ్చెడిది. తెల్లవారి బీమా వర్తకులు నల్లవారి ప్రాణమునకు బీమా వ్రాయనొల్లరు, వ్రాసినను హెచ్చు రుసుము గొని తక్కువ సొమ్ము చెల్లింతురు.

ఇట్టి కష్టమునుండి పుట్టినవే వారి సోదరసంఘములు. వీనికి మూలము ఇంకను వెనుక నున్నది. 1775లో బోస్టను నగరమున ప్రిన్స్ హాల్ అను నతడును, మఱి పదునలుగురు నల్లజాతివారును ఫ్రీమేసనులలో చేరగోరిరి. అక్కడి తెల్లవారి శాఖలు వారిని రానీయలేదు. ఊరిలో విడిసియున్న ఐరిష్ సైనికుల శాఖ యొకటి వారికి దీక్ష నిచ్చెను. 1784లో ఇంగ్లండునుండి అనుమతిపత్రము లభించి వారి స్వంత శాఖ నిలిచినది. ఫ్రీమేసనులన్న మన ప్రాంతమున కొత్త మాటయేమియు గాదు. హైదరాబాదులో గోషామహల్ బారాదరి వారి మందిరమే, మన ముసలివారిలో కొందఱు దానిని నేటికిని కొంచెము భయముతోనే చూతురు. రహస్యపు మాటలు, భుజములపై పట్టెడలు, వరుస పదవులు, దీపములు, ప్రమాణములు, ఇవన్నియు ఆ సంఘముల తీరు. నల్లవారి సంఘములును ఈ తంతును స్వీకరించెను. పగలంతయు యజమాని యింట పేరైన లేక పిలువబడిన వంటమనిషి, సాయంకాలము సంఘమందిరమున తెల్లని దుస్తులు ధరించి పదవి పేరుతో పిలువబడుచు పీఠముపై కూర్చుండెడిది. దానిని వేషమని నవ్వుటకు మాకు నోరు రాదు. మన నోములకును కథయు, అక్షతలును, వాయనమును ఉన్నవి గదా. అవి లేనిచో పదిమంది యాడువారు ఒకచోట చేరుట యెట్లు?

సంఘపు లోపలి పని మాత్రము పట్టికలు, పద్దులు. చీటీ వేసినవారికి ఇది సులభముగా తెలియును. చీటీలో పాడుకొన్నవారికి సొమ్ము వచ్చును. ఈ సంఘములలో కష్టము వచ్చినవారికి సొమ్ము వచ్చును. సభ్యురాలు నెలకు కొంత చెల్లించును. జబ్బుపడిన వారమునకు ఇంత అని యింటికి పంపుదురు, సంఘపు స్త్రీలు వంతులవారీగా వచ్చి రోగికి పరిచర్య చేయుదురు. మరణించినచో దహన ఖననాదులకు సొమ్మును, మిగిలిన విధవకు కొంత మొత్తమును ముట్టును. శవము వెంట సంఘమువారందఱును పట్టెడలు ధరించి నడతురు. దిక్కులేని చావు ఉండరాదన్నదే వారి మొదటి పట్టుదల.

సెయింట్ లూక్ సంఘమని పేరొందినది ఇట్టిదే. 1867లో బాల్టిమోరు నగరమున మేరీ ప్రౌట్ అను స్త్రీ దీనిని ప్రారంభించెను. మొదట ఇది స్త్రీలకే, తరువాత పురుషులును చేరిరి, తదుపరి రిచ్మండులో ఒక శాఖ వేఱుపడి వృద్ధి చెందెను. పురుషులు స్థాపించిన సంఘములో స్త్రీలకు వెనుక బల్ల దొరకుట లోకరీతి. ఇచ్చట స్త్రీ స్థాపించినదానిలో పురుషులు వచ్చి చేరిరి. ఈ భేదము తరువాతి కథయంతటను కనబడుచున్నది.

మ్యాగీ లీనా వాకర్ 1860ల నడుమ రిచ్మండులో జన్మించెను. తల్లి ఎలిజబెత్ డ్రేపర్ పూర్వము బానిస, పిదప ఒక శ్రీమంతురాలి యింట వంటమనిషి. 1876లో సవతితండ్రి నదిలో శవమై తేలగా, తల్లి బట్టలుతికి బిడ్డలను పోషించెను. ఆ యుతికిన బట్టల మూటలు తలపై పెట్టుకొని తెల్లవారి యిండ్లకు చేర్చుట మ్యాగీ పని. ఏ యింటి వెనుక వాకిలి ఎట్టిదో, ఏ వాకిట ఎంతసేపు నిలువవలెనో ఆమెకు చిన్ననాడే తెలిసెను. పదునాలుగవ యేట సెయింట్ లూక్ సంఘమున చేరెను. చదువు ముగించి 1883 మొదలు మూడేండ్లు బడిలో బోధించెను. 1886లో వివాహము కాగానే ఆ పని విడువవలసి వచ్చెను, పెండ్లియైన స్త్రీ బడిలో బోధింపరాదని ఆనాటి నియమము. మా యింటివారి వృత్తి ఉపాధ్యాయత్వమగుటచే ఈ సంగతి మాకు మిక్కిలి చిత్రముగా తోచినది. ఒడిలో బిడ్డను పెంచుటకు తగినది, బల్లపై బిడ్డకు అక్షరములు చెప్పుటకు తగదట! అయితే ఆ నియమము చేసినవారు ఎఱుగకయే సంఘమునకు ఒక మేలు చేసిరి. బడికి పోవలసిన శక్తియంతయు సంఘమునకు వచ్చినది.

1899లో సంఘపు ప్రధాన కార్యదర్శిత్వము ఆమెకు దక్కెను. దక్కినదనుటకన్న మీద పడినదనుట మేలు. ఆనాడు పెట్టెలో నున్నది 31 డాలరుల 61 సెంట్లు, వెలుపల దానిని మించిన బాకీలు, సభ్యులు సుమారు వేయిమంది. అంతకుమునుపు కార్యదర్శికిచ్చిన జీతములో మూడవవంతు, అనగా నెలకు ఎనిమిది డాలరులు ఆమె జీతము. మునుగు పడవకు చుక్కాని ఆడుదాని చేతికిచ్చుట ఆ దేశముననే గాదు, మన దేశమునను చూచుచున్నాము. మునిగినచో నింద యామెది, తేలినచో ఘనత అందఱిది.

1901లో సంఘపు మహాసభలో ఆమె మూడు కోరికలు చెప్పెను. మనకొక పత్రిక కావలెను, మనకొక బ్యాంకు కావలెను, మన స్త్రీలు పనిచేయుటకు అంగడియు కర్మాగారమును కావలెను. ఆనాటి నల్లజాతి స్త్రీకి దొరకు పనులు వంట, చాకిరి, ఉతుకుడు, పరుల బిడ్డలను పెంచుట, ఇంతే. వారు చెమటోడ్చి తెచ్చిన డబ్బు మరల తమ్ము వాకిట నిలువనీయని వర్తకుల పెట్టెలకే చేరుచున్నదనియు, ఆ సొమ్మును ఒకచోట కూర్చి, తమలో తమకే అప్పిచ్చుకొనిన అది వృద్ధిపొందుననియు ఆమె వాదించెను. 1902లో పత్రిక వెలువడెను. 1903 నవంబరు 2వ తేదీన బ్యాంకు తెఱచిరి. దాని పేరు సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు. పెన్నీ యనగా డాలరులో నూఱవవంతు, మన పైసా వంటిది. అమెరికాలో నల్లజాతి స్త్రీ స్థాపించి అధ్యక్షత వహించిన మొదటి బ్యాంకు ఇదే. మొదటినాడు వచ్చిన సొమ్ము తొమ్మిదివేల మూడువందల డాలరులకు మించినది. అందు ఒక్క డాలరునకు లోపుగా తెచ్చినవారును ఉండిరి. కొంగుముడి విప్పి ఆ చిల్లరను బల్లపై లెక్కపెట్టి, పేరు వ్రాసిన పుస్తకమును చేతపట్టుకొని యింటికి నడచిన ఆ చాకలిస్త్రీల సంతోషమును ఊహించుట మనకు కష్టము కాదు.

ఇప్పుడు భవనము సంగతి. రిచ్మండులో నల్లవారు కాపురముండు జాక్సన్ వార్డు అను పేటలో సెయింట్ జేమ్స్ వీధియందు 1902, 1903 సంవత్సరములలో ఇటుకలతో దీనిని కట్టిరి. పేరు సెయింట్ లూక్ హాలు. బ్యాంకు మొదట తెఱువబడినది ఇందే. సంఘపు కార్యాలయము ఇందే, పత్రిక అచ్చుపడినది ఇందే, పట్టెడలు, దుస్తులు కుట్టి శాఖలకు పంపు విభాగము ఇందే, మహాసభలకు విశాలమైన మందిరము ఇందే. చోటు చాలక 1915 మొదలు కొన్ని యేండ్లలో చార్లెస్ రస్సెల్ అను నల్లజాతి వాస్తుశిల్పి దీనిని పెంచి నాలుగంతస్తులు చేసెను. ఆ లోపల మేజాల వద్ద కూర్చుండి టైపు కొట్టువారు, పద్దులు వ్రాయువారు, ఉత్తరములకు జవాబు లిచ్చువారు ఎక్కువ భాగము స్త్రీలే. తల్లి పరుల గచ్చు తుడిచినది, కూతురు తన సంఘపు కుర్చీలో కూర్చుండి కలము పట్టినది. ఒక తరములో జరిగిన మార్పు ఇది. శిల్పము చూచి మెచ్చుకొను మేడలు లోకమున చాల కలవు, ఆ కుర్చీల కొఱకు మేము ఈ మేడను మెచ్చుచున్నాము.

పిల్లలను ఆమె మఱవలేదు. 1895లోనే సంఘమున బాలశాఖ ఏర్పఱచెను. చిన్నవారికి అట్టపెట్టెలిచ్చి పెన్నీలు దాచుట నేర్పెను, నిండగనే తెచ్చి బ్యాంకులో తమ పేర వేయింతురు. మా వైపు పిల్లలు గల్లగురిగిలో పైసలు దాచుకొందురు. అయితే మన గల్లగురిగి నిండగనే జాతరలో పగులును. వారిది నిండగనే ఖాతాగా మాఱును.

అన్నియు ఫలించెనని చెప్పుట సత్యము కాదు. 1905లో తెల్లవారి వ్యాపారవీధియగు బ్రాడ్ వీధిలో సెయింట్ లూక్ ఎంపోరియమను బట్టల దుకాణము తెఱచిరి. నల్లజాతి స్త్రీలు అమ్మకందారులుగా నిలిచిన దుకాణము. ఆ చోటు దక్కనీయకుండ ఎక్కువ సొమ్మిచ్చి కొనివేయుటకు తెల్లవర్తకులు చూచిరి, అది సాగక సరకు నిచ్చువారిని బెదరించిరి. ఇది శత్రువుల పని. మిత్రుల పని యేమన, తమవారే తమ దుకాణమునకు రాక ఎదుటి దుకాణమున రెండు సెంట్లు తక్కువయని అక్కడనే కొనిరి. ఆమె సభలలో నిలిచి తన జాతి పురుషులను గట్టిగా మందలించెను. అయినను కొన్ని యేండ్లకే అంగడి మూతపడెను. అంగడికి పోవు ప్రతి స్త్రీయు ఈ భాగమును రెండుమాఱులు చదువవలెనని మా కోరిక.

1904లో ట్రాముబండ్లలో నల్లవారిని వేఱుగా కూర్చుండబెట్టు విధానము రాగా, ఆమెయు, ఇతర పత్రికాధిపతులును ఎక్కవలదని చాటిరి. జనులు నడచిరి. ట్రాము కంపెనీ సంవత్సరము తిరుగకమునుపే దివాలా స్థితికి వచ్చెను. చట్టము మాత్రము మాఱలేదు.

1929లో ఆర్థికసంక్షోభము వచ్చి అమెరికాలో బ్యాంకులు వేలకొలది కూలిన వేళ ఈ పెన్నీల బ్యాంకు కూలలేదు. 1930లో మఱి రెండు నల్లజాతి బ్యాంకులతో కలిసి కన్సాలిడేటెడ్ బ్యాంకుగా మాఱి, 21వ శతాబ్దపు తొలియేండ్ల వఱకు నడిచెను. అప్పటికి మ్యాగీ వాకర్ కాళ్లు చచ్చుపడి చక్రముల కుర్చీలో నుండెను. కుర్చీలో నుండియే వ్యవహారములు నడిపి 1934 డిసెంబరులో మరణించెను. ఆమె నివసించిన గృహము నేడు జాతీయ చారిత్రక స్థలము. 2017లో నగరమున ఆమె విగ్రహము నిలిపిరి.

భవనపు గతి అంత మేలుగా సాగలేదు. 1950ల దశాబ్దమున పెద్ద మోటారు మార్గమును జాక్సన్ వార్డు నడుమగా వేసిరి. ఇండ్లు కూల్చిరి, పేట రెండు ముక్కలయ్యెను, సెయింట్ లూక్ హాలు తక్కిన పేటనుండి తెగి మార్గమునకు ఆవలి ప్రక్క పడిపోయెను. సంఘము క్షీణించిన పిదప ఏండ్ల తరబడి భవనము ఖాళీగా నుండెను. 1982లో చారిత్రక కట్టడముల పట్టికలో చేర్చిరి. ఇటీవల బాగుచేసి కాపురమునకు తగిన గదులుగా మార్చిరి. సభామందిరము పోయి కాపురములు వచ్చినవని కొందఱు విచారింతురేమో. దీపము లేని మేడకన్న వంటపొగ లేచు మేడ మేలని మా యభిప్రాయము.

ఇట్టి సౌధములు ఆ దేశమున మఱికొన్ని కలవు. వాషింగ్టనులో ట్రూ రిఫార్మర్స్ సంఘపు భవనమును 1903లో జాన్ లాంక్ఫర్డ్ అను నల్లజాతి వాస్తుశిల్పి కట్టెను, ఆ సంఘపు బ్యాంకు 1910లో కూలినను భవనము నిలిచియున్నది. అట్లాంటాలో ప్రిన్స్ హాల్ మేసనుల మందిరము 1937లో కట్టబడెను. క్రింద స్త్రీల కేశాలంకరణ శాల, పైన 1949 నుండి నల్లజాతివారి మొదటి స్వంత రేడియో కేంద్రము. తరువాత మార్టిన్ లూథర్ కింగు అధ్యక్షతనున్న సంస్థకును అందే కార్యాలయము. లిటిల్ రాక్ నగరమున మొజాయిక్ టెంప్లర్ల మందిరమును 1913లో బుకర్ వాషింగ్టన్ ప్రారంభించెను. ఈ సంఘము మరణించిన సభ్యుని సమాధిపై పేరు చెక్కిన పాలఱాతిని సైతము పెట్టించెడిది. బ్రతికినప్పుడు పేరు లేనివానికి చచ్చిన పిదపనైన పేరు! ఆ మందిరము 2005లో అగ్నికాహుతి కాగా, అదే చోట అదే రూపున మరల కట్టి 2008లో ప్రదర్శనశాలగా తెఱచిరి.

ఇంతదూరము పోయి ఇండ్లు చూచివచ్చితిమి, మన వీధి మాటయేమి అని పాఠకురాండ్రు అడుగుదురు. అడుగవలసినదే. ఆ దేశపు నల్లవారి కథకును మన దేశపు అంటరానివారి కథకును చుట్టఱికమున్నదని మొదట కనుగొన్నవారిలో మహాత్మా జోతిరావు ఫూలే యొకరు. 1873లో తాను వ్రాసిన గులాంగిరి గ్రంథమును బానిసల విముక్తికి పాటుపడిన అమెరికనులకు అంకితమిచ్చెను. 1946లో అంబేడ్కరుగారు నల్లజాతి పండితుడగు డుబాయిస్ గారికి స్వయముగా లేఖ వ్రాసిరి.

మా ఇబ్రహీంపట్నమునుండి కోఠికి పోవు బస్సు సాగరు రోడ్డు పట్టి ఎల్బీనగరు, దిల్‌సుఖ్‌నగరు, మలకుపేట దాటి చాదర్‌ఘాటునకు వచ్చును. పట్టుచీరలకును, పాఠ్యపుస్తకములకును పోవు మనలో నెందఱమో ఆ మూసీ వంతెనపై సంచి సరిదిద్దుకొనుచు దిగుటకు సిద్ధమగుదుము. ఆ చాదర్‌ఘాటులోనే ఆదిహిందూ భవనము కలదు. సెయింట్ లూక్ హాలునకు మన నేలపై తోబుట్టువును వెదకినచో మాకు దొరకినది ఇదియే.

దాని వెనుక నున్న పురుషుడు భాగ్యరెడ్డివర్మగారు. 1888లో హైదరాబాదున మాల కుటుంబమున జన్మించిరి, మొదటి పేరు మాదరి భాగయ్య. చిన్నతనమున ఒక బారిస్టరు ఇంట పనికి చేరి, ఆ యింట చదువును, లోకజ్ఞానమును సంపాదించిరి. 1906లో, అనగా రిచ్మండు బ్యాంకు తెఱచిన మూడేండ్లకు, ఈసామియా బజారులో జగన్మిత్రమండలిని స్థాపించిరి. వారు చేపట్టిన సాధనము హరికథ. చదువురాని జనులకు పద్దుల పుస్తకము పనికిరాదు, చిడతల చప్పుడు పనికివచ్చును. భజనతో కూర్చి, కథతో కూర్చుండబెట్టి, నడుమ నడుమ కల్లు మానుడనియు, బిడ్డలకు బాల్యవివాహము చేయవలదనియు, దేవత పేర దున్నలను బలియీయవలదనియు చెప్పిరి. 1911లో మండలి మాన్యసంఘమయ్యెను. 1922లో ఆదిహిందూ సంఘసేవా సమితిగా విస్తరిల్లెను. అరిగె రామస్వామిగారు మొదలగువారు ఆ కాలముననే ఇట్టి కృషి చేసిరి. సంఘము తగవులు తీర్చు పంచాయతీ నడిపెను, బడులు పెట్టెను, తనకని యొక భవనమును నిలుపుకొనెను.

ఆనాటి హైదరాబాదులో ఇది చిన్న సంగతి కాదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసి, 1921లో స్వంత భవనమున ప్రవేశించెను. 1918లో రెడ్డి హాస్టలు వచ్చెను. చదువును, భూమియు గలవారు తమ బిడ్డలకు నీడ కల్పించుకొనుచున్న కాలమది. సభ చేయుటకు ఊరిలో ఏ సత్రపు వాకిలియు తెఱువబడని వారు తమకు తామే వాకిలి కట్టుకొనుట వేఱు. పరులు కట్టియిచ్చిన యింట పాండవులకు జరిగినదేమో భారతము చదివిన మనకెల్లరకు తెలిసినదే.

1917లో బెజవాడలో ఆ జనుల మొదటి ఆంధ్రదేశ మహాసభ జరిగెను. పిలుపుపత్రములలో దానికి పంచమ మహాసభయని పేరు. అధ్యక్షులుగా వచ్చిన భాగ్యరెడ్డివర్మగారు ఆ పేరే తగదనిరి. పురాణములలోగాని, శాస్త్రములలోగాని ఐదవ వర్ణము లేదు, ఈ దేశమునకు మొదటివారము మేము, కావున ఆదివాచకముతో పిలువవలెనని వాదించిరి. సభ ఆదిఆంధ్ర మహాసభ యయ్యెను. మేము ఇంటిపట్టున గురుముఖమున చదివినవారము. ఆ మాట విన్నప్పటినుండి మేము చదివిన స్మృతిగ్రంథములను జ్ఞప్తికి తెచ్చుకొని చూచితిమి. నాలుగే కలవు, ఐదవది లేదు. గ్రంథము చేతనున్నవారు చెప్పని యర్థమును గ్రంథము తాకనీయబడనివాడు చెప్పెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము వారిని ఆదిహిందువులుగా నమోదు చేసెను. పేరు గెలుచుటయు ఇల్లు కట్టుటవంటిదే, పునాది కనబడదు.

స్త్రీల విషయమున ఆ సంఘము చేసినదానిని ప్రత్యేకముగా చెప్పవలెను. చిన్నపిల్లలను దేవత పేర ముడుపుగట్టి జోగినులుగా, మురళీలుగా విడిచిపెట్టు దురాచారమును వారు తీవ్రముగా ఎదిర్చిరి. గ్రామపు పెద్దలు అనుభవించుటకు దేవత సాక్షియట! ఇది ఆగిపోయినదని చెప్పుటకు వీలులేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీనిని నిషేధించుచు చట్టము చేయవలసి వచ్చినదనిన, ఎనుబది యేండ్ల పిదపను ఆచారము బ్రతికియున్నట్లే గదా.

బడుల సంగతి చూడుడు. 1910లో ఈసామియా బజారున, లింగంపల్లిని మొదలైన వారి బడులు, 1930ల నడుమనాటికి ఇరువదియారై, ఇంచుమించు 2,500 మంది పిల్లలు చదువుకొనిరి. దొరతనపు బడులలో ఉర్దూ నడచు కాలమున వారు తెలుగు నేర్పిరి. పిదప ప్రభుత్వము ఆ బడులను తనలో కలుపుకొనెను. 1931లో భాగ్యనగర్ అను పత్రిక నెలకొల్పి, అందు వెట్టిమాదిగ అను కథను భాగ్యరెడ్డివర్మగారే వ్రాసిరి. పత్రిక, బడి, పంచాయతీ, భవనము; రిచ్మండులోనివి పత్రిక, బ్యాంకు, అంగడి, భవనము. ఇచ్చట బ్యాంకునకు బదులు బడి యుండుట మమ్ము ఆలోచింపజేసినది. అక్కడ కూలికి డబ్బు ముట్టుచుండెను. ఇచ్చట వెట్టికి డబ్బు లేదు, దాచుటకు కాసు లేనిచోట బ్యాంకేల? 1939 ఫిబ్రవరిలో భాగ్యరెడ్డివర్మగారు పరమపదించిరి.

వెట్టి మాట వచ్చినది గనుక మా తాలూకా మాట చెప్పకతీఱదు. 1980ల దశాబ్దమున ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘము ఇచ్చట పుట్టి, అప్పుకై ఏండ్లకొలది జీతమునకు కట్టుపడిన పాలేర్లను విడిపించెను, చేజాఱిన భూములకై పోరాడెను. ఆ సంఘమున దళితస్త్రీలు ముందు వరుసను నిలిచిరి. ఈ యూరిలో బట్టలుతుకువారు, నాట్లు వేయువారు నేటికిని ఆ మాట చెప్పునప్పుడు గొంతు హెచ్చింతురు.

ఇప్పుడు ప్రతి యూరను మహిళల పొదుపు సంఘములు కలవు. మా వీధి సంఘమున పద్దుపుస్తకము వ్రాయు పిల్ల పదవ తరగతి చదివినది. రూపాయి తేడా వచ్చినను లెక్క మొదటినుండి కూడును, ఎవరు తొందరపెట్టినను వినదు. సమావేశము బడి వరండాలో. వాన వచ్చినచో చాపలెత్తుకొని లోపలి గదికి పోవలెను, తాళపుచెవి కొఱకు మా యింటికి రావలెను. మొన్న నొక వృద్ధురాలు, ముప్పదిమందిమి నెలకు నూఱు చొప్పున వేసికొన్నచో ఎన్నాళ్లకు రెండు గదులు లేచునని ఆ పిల్లను అడిగెను. పిల్ల వ్రేళ్లపై లెక్కకట్టి, స్థలము దొరకినచో చెప్పెదననెను. స్థలము ఏ వాడలో నుండవలెనన్నదానిపై అప్పుడే వాదము మొదలైనది. ఊరి నడుమ నుండవలెనని మాలవాడ స్త్రీలు పట్టుపట్టిరి. మేమును వారి ప్రక్కనే మాట చెప్పితిమి. ఇంకను తేలలేదు.

తెలుగునాట కూలిజనులో, స్త్రీలో తమ చందాలతో తామే కట్టుకొన్న సంఘమందిరములు మీ యూర నున్నచో, కట్టిన సంవత్సరమును, కట్టినవారి వృత్తిని, నేడు లోపల ఏమి జరుగుచున్నదో ఆ సంగతిని సోదరీమణులు ఈ పత్రికకు వ్రాసి పంపగోరుచున్నాము.